"విదేశాంగ శాఖ, 1941–45": ఒక విలేకరి యుద్ధకాలపు కొలువు ఆచూకీ తీసిన కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని మనిషి పేరు, పనిచేసిన పత్రిక, పుట్టిన ఊరు, కుటుంబ వివరాలు తీసేశాను. ఇక్కడ ఆయన్ని విలేకరి అనే పిలుస్తాను. దఫ్తరాల పేర్లు, ఫైళ్ల వరుస నంబర్లు, శాఖల చరిత్ర మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. ఇలాంటి వెతుకులాటలో పడినవాళ్లకు పనికొచ్చేవి అవే.

విలేకరి లండన్‌లోని ఒక జాతీయ దినపత్రికలో యూరప్ వార్తలు చూసేవారు. జర్మన్ ధారాళంగా వచ్చు. 1941 వసంతంలో పత్రిక వదిలారు. 1946లో మరో పత్రికలో తేలారు. మధ్య ఐదేళ్ల గురించి కుటుంబం దగ్గరున్నవి మూడే: ఆయన స్వయంగా రాసిచ్చిన జీవిత వివరాల్లో "విదేశాంగ శాఖ, 1941–45" అనే ఒక్క ముక్క, ఒక ఓబీఈ (బ్రిటిష్ రాజు పేరిట ఇచ్చే గౌరవ పురస్కారం) పతకం, భార్యకు రాసిన కొన్ని ఉత్తరాలు. ఓబీఈ పతకం మీద గ్రహీత పేరు చెక్కరు కాబట్టి అది నోరు విప్పదు. ఉత్తరాల్లో ఆఫీసు ఊసే లేదు. తిండి, చలి, ఆలస్యంగా నడిచే రైళ్లు, ఒక జబ్బు, అంతే.

ఆ రోజుల్లో పత్రికలవాళ్లు ప్రభుత్వంలోకి వెళ్లడం అరుదేం కాదు. యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, లండన్ విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్‌లో సమాచార మంత్రిత్వ శాఖ పుట్టింది. 'డైలీ హెరాల్డ్' సంపాదకుడు ఫ్రాన్సిస్ విలియమ్స్ అందులో పత్రికల సెన్సారుకు కంట్రోలర్ అయ్యారు. అదే పత్రికలోని రిచీ కాల్డర్, 'డైలీ ఎక్స్‌ప్రెస్' విలేకరి సెఫ్టన్ డెల్మర్, 'న్యూ స్టేట్స్‌మన్' సహాయ సంపాదకుడు రిచర్డ్ క్రాస్‌మన్ శత్రుదేశాల మీద ప్రచారం నడిపే శాఖకు వెళ్లారు. వీళ్ల జీవితాలు చరిత్రకెక్కాయి. వాళ్ల కింద పనిచేసిన వందలాది మంది జీవితాలు ఎక్కలేదు. మన విలేకరి ఆ రెండో కోవకు చెందినవారు.

వీళ్లంతా తాత్కాలిక సివిల్ ఉద్యోగులు. ఈ మాట మీదే కేసంతా నడిచింది కనుక కాస్త ఆగి చెప్పాలి. పరీక్ష రాసి పర్మనెంటుగా చేరిన అధికారికి సివిల్ సర్వీస్ కమిషన్ అర్హతా పత్రం ఇచ్చేది, ఆ వివరం ప్రభుత్వ ప్రకటనలు వచ్చే 'లండన్ గెజిట్'లో అచ్చయ్యేది. చేరిన తేదీ, శాఖ, హోదా అన్నీ అక్కడ దొరుకుతాయి. యుద్ధం కోసం తీసుకున్నవాళ్లకు పరీక్ష లేదు, అర్హతా పత్రం లేదు, మామూలు పెన్షన్ లేదు. పెన్షన్ లేనప్పుడు సర్వీసు రికార్డును దశాబ్దాల పాటు దాచాల్సిన అవసరం శాఖకు ఉండదు. యుద్ధం ముగిశాక మనుషులు వెళ్లిపోయారు, వాళ్ల కాగితాలూ చాలావరకు పోయాయి.

అసలు సమస్య

కుటుంబం అడిగినవి రెండు. ఆయన ఏ పని చేశారు? గూఢచారా?

రెండో ప్రశ్నకు వాళ్ల దగ్గర ఒక ఆధారం ఉంది. ఉత్తరాల కవర్ల మీద చాలావాటికి బ్లెచ్లీ తపాలా ముద్ర ఉంది. బ్లెచ్లీ అనగానే ఇవాళ ఎవరికైనా జర్మన్ సంకేతాలను ఛేదించిన బ్లెచ్లీ పార్కే గుర్తొస్తుంది. జర్మన్ వచ్చిన మనిషి, నోరు మెదపని మనిషి, బ్లెచ్లీ ముద్ర: ఈ మూడూ కలిపి ఇంట్లో ఒక కథ స్థిరపడిపోయింది.

కుటుంబ కథను మొదట్లోనే కొట్టిపారేయకూడదు, నెత్తిన పెట్టుకోకూడదు కూడా. అందులో ఏ ముక్క కంటితో చూసింది, ఏ ముక్క ఊహించుకున్నది అని విడదీయాలి. ఇక్కడ చూసింది తపాలా ముద్ర ఒక్కటే. సంకేతాలు ఛేదించారన్నది ఊహ.

చేసి చూసినవి, బెడిసికొట్టినవి

మొదట అందరూ చేసే పనే చేశాం. బ్రిటన్ జాతీయ ఆర్కైవు లండన్ శివార్లలోని క్యూలో ఉంది, దాని కేటలాగు పేరు 'డిస్కవరీ'. అందులో ఆయన ఇంటిపేరు కొడితే అదే పేరున్న సైనికులు, నావికులు, వీలునామాలు రాసినవాళ్లు వందల్లో వచ్చారు. ఆయన మాత్రం రాలేదు. కారణం సాదా. శాఖల ఫైళ్లకు విషయాన్ని బట్టి పేరు పెడతారు. 'జర్మనీ: కరపత్రాలు, విధానం' అని ఉంటుంది తప్ప లోపల ఎవరెవరు నోటు రాశారో అట్ట మీద ఉండదు. మనిషి పేరుతో ఫైలు ఉందంటే ఆయన గొడవలో పడ్డాడనో, సన్మానం పొందాడనో అర్థం.

తర్వాత బ్లెచ్లీ పార్కు వారి రోల్ ఆఫ్ ఆనర్ చూశాం. యుద్ధకాలంలో అక్కడా, దాని అనుబంధ కేంద్రాల్లోనూ పనిచేసినవాళ్ల జాబితా అది, ఇంటర్నెట్‌లోనే వెతకొచ్చు. ఆయన లేరు. ఆ జాబితా పరిపూర్ణం కాదు కాబట్టి లేకపోవడం రుజువు కాదు. కానీ ఇంటి కథకు ఉన్న ఒకే ఒక్క ఆధారం బలహీనపడింది.

1939 రిజిస్టర్ దగ్గర కొంత దొరికింది. 1931 జనగణన కాగితాలు 1942 డిసెంబరులో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో జనగణనే జరగలేదు. అందుకే ఇంగ్లండ్, వేల్స్ ప్రజల్ని 1939 సెప్టెంబరు 29న ఇంటింటికీ తిరిగి నమోదు చేసిన ఆ రిజిస్టర్ ఒక్కటే 1921కీ 1951కీ మధ్య మిగిలిన వంతెన. పేరుతో వెతికితే ఇంటిపేరు తప్పుగా ఎక్కడంతో దొరకలేదు. చిరునామాతో వెతికితే దొరికారు: లండన్ ఇల్లు, భార్య, వృత్తి 'జర్నలిస్టు'. అంటే యుద్ధం మొదలైన నెలకు ఆయన ఇంకా పత్రికలోనే ఉన్నారు, లేదా అలా చెప్పుకుంటున్నారు. అంతకు మించి లాగితే తెగుతుంది. ఓటర్ల జాబితాలతో ముందుకు పోదామంటే యుద్ధకాలంలో 1940 నుంచి 1944 దాకా అవి తయారు కాలేదు.

పాత పత్రికల డిజిటల్ నిల్వల్లో ఆయన వ్యాసాల కోసం చేసిన వెతుకులాట పూర్తిగా వృథా అయింది. ఆనాటి బ్రిటిష్ పత్రికల్లో చాలా వార్తలకు రాసినవారి పేరుండదు, 'మా ప్రత్యేక విలేకరి నుంచి' అని ఉంటుంది. 'ది టైమ్స్' అయితే 1967 దాకా పేర్లు వేయనే లేదు. పైగా కాగితం రేషన్ వల్ల 1941 నాటికి దినపత్రికలు నాలుగు పేజీలకు కుంచించుకుపోయాయి. ఆయన ఏ రోజు రాయడం మానేశారో పేజీలను చూసి చెప్పడం అసాధ్యం. అది పత్రిక జీతాల పద్దులోనే దొరికింది, 1941 ఏప్రిల్ తర్వాత ఆ పేరు లేదు.

ఇక "విదేశాంగ శాఖ" అన్న ఆయన మాటనే పట్టుకుని ఆ శాఖ (ఫారిన్ ఆఫీస్) అధికారుల పేర్లతో ఏటా అచ్చయ్యే ఫారిన్ ఆఫీస్ లిస్ట్ చూశాం. లేరు. ఆ శాఖ సిబ్బంది వ్యవహారాలుండే ఎఫ్ఓ 366 వరుసలో చూశాం. లేరు. ఈ దశలో కుటుంబానికి అనుమానం మొదలైంది: ఆయన అబద్ధం రాశారా? ఆ అనుమానానికి జవాబు చెప్పకుండా కేసు మూయడం న్యాయం కాదు. చనిపోయిన మనిషి తన తరఫున తాను మాట్లాడలేడు.

గెజిట్ ఇచ్చిన రెండు మాటలు

పతకం ఉంది కాబట్టి అది ఎక్కడో ప్రకటించి ఉండాలి. ఓబీఈలు ఏటా రెండుసార్లు, కొత్త సంవత్సరం నాడూ రాజు పుట్టినరోజు నాడూ, గెజిట్ అనుబంధాల్లో వస్తాయి. పేరు పక్కనే హోదా, శాఖ అచ్చవుతాయి. తాత్కాలిక ఉద్యోగి గెజిట్‌లోకి వచ్చే దారుల్లో ముఖ్యమైనది ఇదే.

ఇక్కడ జారిపడే చోట్లు మూడున్నాయి. గెజిట్ వెబ్‌సైట్‌లో వెతుకుడు స్కాన్ చేసిన అక్షరాల మీద నడుస్తుంది. నలిగిన యుద్ధకాలపు కాగితం మీద అచ్చు సరిగా పడక పేర్లు తప్పుగా చదవబడతాయి, కాబట్టి పేరుతో దొరకకపోతే జాబితాను కళ్లతో చదవాల్సిందే. పుట్టినరోజు జాబితా జూన్‌లోనే ఉంటుందనుకోవద్దు. 1940లో జులై 11న, 1941లో జులై 1న వచ్చింది. కొత్త సంవత్సరపు జాబితా ఉన్న సంచిక మీద అంతకు ముందటి డిసెంబరు తేదీ ఉండొచ్చు. ఈ మూడూ దాటుకుని చదివితే యుద్ధం ముగిసే నాటి ఒక జాబితాలో ఆయన కనబడ్డారు. పక్కన ఇలా ఉంది: పొలిటికల్ ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్, ఫారిన్ ఆఫీస్.

ఆయన అబద్ధం రాయలేదన్నమాట. కానీ ఈ దొరికిన పేరే తర్వాతి గోతిలోకి దించింది. ఆ పేరుతో నిజంగానే ఒక విభాగం ఉండేది. యుద్ధ ప్రారంభంలో దాన్ని పునరుద్ధరించారు, విదేశాల పరిస్థితుల మీద వారం వారం సారాంశాలు తయారుచేసేది. దాని కాగితాల్లో వెతికితే విలేకరి జాడ లేదు.

చిక్కు విడిపోయింది ఆ శాఖ చరిత్ర వేరుగా చదివినప్పుడు. 1941 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పొలిటికల్ వార్‌ఫేర్ ఎగ్జిక్యూటివ్ అనే రహస్య శాఖ ఏర్పడింది. పని: శత్రుదేశాలకు, శత్రువు ఆక్రమించిన దేశాలకు రేడియో ద్వారా, కరపత్రాల ద్వారా ప్రచారం. ఆ శాఖ ఉన్నట్టు బయటికి చెప్పకూడదు కనుక దాని ఉద్యోగులు పొలిటికల్ ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ పేరు చెప్పుకునేవారు. 1943లో అసలు విభాగం వేరే సంస్థతో కలిసి విదేశాంగ శాఖ పరిశోధన విభాగంగా మారిపోయింది. ఆ తర్వాత పాత పేరు మిగిలింది ముసుగుగానే. ఉద్యోగానికి ముసుగు పేరు, గెజిట్‌లో ముసుగు పేరు, రిటైరయ్యాక రాసిచ్చిన జీవిత వివరాల్లోనూ అదే. అధికార రహస్యాల చట్టానికి కట్టుబడిన మనిషి బతికినన్నాళ్లూ మాట తప్పలేదు.

బ్లెచ్లీ ముద్ర సంగతీ ఇక్కడే తేలింది. ఈ శాఖ గ్రామీణ కేంద్రం బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని వోబర్న్ ఆబీ. సిబ్బంది చుట్టుపక్కల యాస్ప్లీ గైజ్ లాంటి ఊళ్లలో ఉండేవారు. లండన్ నుంచి ఆ ఊరికి రైల్లో వెళ్లాలంటే బ్లెచ్లీలో దిగి బెడ్‌ఫర్డ్ లైను రైలెక్కాలి. ఉత్తరాల్లో ఆలస్యపు రైళ్ల మీద విసుగు ఎందుకంత ఉందో అప్పుడు అర్థమైంది. రైలు మారే చోట ఉత్తరం డబ్బాలో వేసేవారు, లేదా ఆ ప్రాంతపు తపాలా ఆ ఊరి మీదుగా పోయేది. రెండింట్లో ఏదైనా ముద్ర అదే పడుతుంది. బ్లెచ్లీ పార్కుతో పనిలేదు.

ఇంకో రెండు మూసుకున్న దారులు

శాఖ తెలిసింది గనక జీతం దారిలో వెళ్దామనిపించింది. తాత్కాలిక అధికారికి మామూలు స్కేలు కంటే ఎక్కువ ఇవ్వాలంటే ట్రెజరీ (ఆర్థిక శాఖ) ఒప్పుకోవాలి, ఆ ఉత్తరప్రత్యుత్తరాలు టి 162 వరుసలో ఉంటాయి. సమాచార మంత్రిత్వ శాఖవాళ్ల విషయంలో ఈ దారి బాగా పనిచేస్తుంది. ఇక్కడ చేయలేదు. ఈ శాఖ ఖర్చు పార్లమెంటు వివరాలడగని రహస్య పద్దులోంచి వచ్చేది, ట్రెజరీ మామూలు ఫైళ్లలోకి మనిషి మనిషి లెక్క దిగదు.

విలేకరి పత్రిక వదిలింది ఏప్రిల్‌లో, శాఖ పుట్టింది ఆగస్టులో. మధ్య నెలలు ఎక్కడ? దీనికీ శాఖ చరిత్రే జవాబు. యుద్ధం మొదట్లో ఈ పని సర్ క్యాంప్‌బెల్ స్టూవర్ట్ నడిపిన డిపార్ట్‌మెంట్ ఈహెచ్‌ది. లండన్‌లో థేమ్స్ ఒడ్డునున్న ఎలెక్ట్రా హౌస్ పేరులోంచి ఆ రెండక్షరాలు వచ్చాయి. 1940 జులైలో, శత్రువు ఆక్రమించిన దేశాల్లో విధ్వంసక చర్యలు నడిపే రహస్య సంస్థ స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ ఏర్పడినప్పుడు అది ఎస్ఓ1 అనే శాఖగా అందులో కలిసింది. 1941లో మళ్లీ విడిపోయి పొలిటికల్ వార్‌ఫేర్ ఎగ్జిక్యూటివ్ అయింది. రెండేళ్లలో మూడు పేర్లు, పని అదే, వోబర్న్ అదే. అంటే విలేకరి మొదట చేరింది ఎస్ఓ1లో. స్పెషల్ ఆపరేషన్స్ వారి వ్యక్తిగత ఫైళ్లుండే హెచ్ఎస్ 9లో చూడటం అందుకే సబబు. చూశాం, లేదు. ఆ వరుసలో చాలామందివి మిగల్లేదు గనక ఆశ్చర్యమూ లేదు.

పనిచేసిన పద్ధతి: సీటు పట్టుకోవడం

మన ప్రభుత్వాఫీసుల్లో పని కోసం తిరిగినవాళ్లకు ఒక సంగతి తెలుసు. 'ఆ సీటు ఎవరు చూస్తున్నారు?' అని అడుగుతారు గానీ ఫలానా ఆయన ఎక్కడ అని అడగరు. మనిషి బదిలీ అవుతాడు, సీటు ఉంటుంది, ఫైలు సీటుకే వెళ్తుంది. బ్రిటన్ ఫైళ్ల నడక కూడా ఇంతే. మద్రాసు ప్రెసిడెన్సీ నోట్ ఫైళ్లు చూసిన కళ్లకు క్యూలోని ఫైలు పరాయిగా తోచదు. అందుకే పేరును పక్కనబెట్టి శాఖలోని సీట్ల పటం వేయడం మొదలుపెట్టాం.

ఈ శాఖ కాగితాలు ఎఫ్ఓ 898 వరుసలో ఉన్నాయి. వరుస మొత్తం శీర్షికలు, తేదీలు, ఉంటే పాత శాఖ నంబరు కూడా ఒక ఎక్సెల్ షీట్‌లోకి దించాలి. పాత నంబరును నిర్లక్ష్యం చేయకూడదు. ఒకే రిజిస్ట్రీలోంచి వచ్చిన ఫైళ్లను అది దగ్గరికి చేరుస్తుంది, మధ్యలో ఏ నంబర్లు నాశనమయ్యాయో కూడా చెబుతుంది. తర్వాత శాఖ నిర్మాణం, సిబ్బంది, గదుల కేటాయింపు గురించిన ఫైళ్లు ముందు తెప్పించుకోవాలి. విషయ ఫైళ్ల మీదికి వెంటనే పోవాలనిపిస్తుంది, పోకూడదు. పటం లేకుండా నోట్లు చదివితే పొట్టి సంతకాలన్నీ ఒకేలా కనబడతాయి.

పటం ఒకటి చాలదు. ఈ కేసులో మూడు వేశాం: 1941 చివర, 1943 మధ్య, 1944 చివర. మధ్యలో 1942లో లండన్ సిబ్బంది బీబీసీ యూరోపియన్ సర్వీసు ఉన్న బుష్ హౌస్‌కు చేరారు, రాబర్ట్ బ్రూస్ లాక్‌హార్ట్ డైరెక్టర్ జనరల్ అయ్యారు, విభాగాలు మారాయి. బ్రూస్ లాక్‌హార్ట్ కూడా 1930ల్లో 'ఈవెనింగ్ స్టాండర్డ్'లో పనిచేసినవారే. పట్టికలో పెట్టిన గళ్లు ఇవి: విభాగం, సీటు, ఆ సీటులో ఉన్న మనిషి, పొట్టి సంతకం, గది లేదా ఫోను నంబరు, మొదట కనబడిన తేదీ, చివర కనబడిన తేదీ, ఏ ఫైలు ఏ పుట. చివరి గడి నింపకుండా ఏ వరుసా ఎక్కించకూడదు. నెల తర్వాత 'ఇది ఎక్కడ చూశాం' అని తల పట్టుకోవాల్సి వస్తుంది.

పేర్లు మూడు చోట్ల దొరుకుతాయి. నోట్ల కింద పొట్టి సంతకాలు. ప్రతుల పంపిణీ జాబితాలు, అంటే ప్రతి వారం బీబీసీ యూరోపియన్ సర్వీసుకు వెళ్లే ప్రచార ఆదేశాల అడుగున ఎవరెవరికి కాపీ పోయిందో ఉండే వరుస. మూడోది చాలామంది చూడనిది: టైపు చేసిన ఉత్తరం పైన మూలలో గీతకు ఎడమ పక్క రాయించినవారి పొడి అక్షరాలు, కుడి పక్క టైపిస్టు పొడి అక్షరాలు. సంతకం లేని కార్బన్ కాపీల్లో రాసింది ఎవరో చెప్పేది ఆ మూలే.

జర్మన్ విభాగం పంపిణీ జాబితాల్లో విలేకరి ఇంటిపేరు 1942 మొదట్లో కనబడింది. పేరు ఉంది కాబట్టి అయిపోయిందనుకోవడానికి లేదు. అదే పొడి అక్షరాలున్న మరో అధికారి అదే భవనంలో ఉన్నారు, సిబ్బంది జాబితా ఒకదానిలో ఇద్దరూ ఉన్నారు. నోట్లలో సగం ఎవరివో?

ఇక్కడ ఒక కాగితం చాలాసేపు చదివించింది. జర్మన్ సైనికులకు ఉద్దేశించిన కరపత్రం చిత్తుప్రతి, టైపు చేసింది, మూడు పుటలు. నీలి పెన్సిల్‌తో ఒక పేరా నిలువునా కొట్టేసి ఉంది. మిగిలిన వాక్యాల్లో విశేషణాలు ఏరి తీసేసి ఉన్నాయి. మొదటి రెండు పుటల అడుగున చేతితో రెండు చిన్న అక్షరాలు, చివరి పుట అడుగున 'ముగిసింది' అనే మాట. ఆ రెండు అక్షరాలకు అర్థం 'ఇంకా ఉంది'. పత్రికాఫీసులో కాపీ ఒక్కో పుటగా కంపోజింగుకు వెళ్తుంది కనుక ప్రతి పుట కింద విలేకరులు రాసే గుర్తు అది. సివిల్ ఉద్యోగులు అలా రాయరు, పుట సంఖ్య వేస్తారు. రెండో అధికారి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు. దిద్దింది పత్రికల మనిషే అనడానికి ఇది గట్టి సూచన.

అయినా అది విలేకరి అని చెబుతుందే తప్ప ఈ విలేకరే అని చెప్పదు. ఆ విభాగం నిండా పత్రికల నుంచి వచ్చినవాళ్లే. అందుకే ఇంకో రెండు పరీక్షలు పెట్టాం. భార్యకు రాసిన ఉత్తరాల్లో ఆయన తేదీ వేసేటప్పుడు నెలను రోమన్ అంకెల్లో వేస్తారు, నాలుగు అంకెకు పై గీత మూయరు. చిత్తుప్రతుల మీది తేదీలు అలాగే ఉన్నాయి. రెండోది లేకపోవడాన్ని బట్టి చేసే పరీక్ష. 1943 ఫిబ్రవరిలో ఆయనకు కామెర్లు వచ్చి ఆస్పత్రిలో ఉన్నట్టు ఉత్తరాలు చెబుతున్నాయి. ఆ పొట్టి సంతకం ఆయనదే అయితే ఆ వారాల్లో కనబడకూడదు. కనబడలేదు. అదే సీటుకు వచ్చిన నోట్లకు వేరొకరు 'వారి బదులు' అని సంతకం చేశారు. మార్చి మధ్యలో పాత సంతకం తిరిగొచ్చింది. రెండో అధికారి ఆ వారాల్లోనే ఒక సమావేశపు హాజరులో పూర్తి పేరుతో ఉన్నారు. ఈ ఒక్క పరీక్ష మిగిలిన పరీక్షలన్నిటికంటే ఎక్కువ బరువు తూగింది. ఉత్తరాలు, ఫైళ్లు ఒకదాన్నొకటి చూసి రాసినవి కావు మరి.

కొలువు ఎలా సాగింది

సీటు తేలాక మిగతాది వరసగా వచ్చింది. 1941లో కరపత్రాల రచన, దిద్దుబాటు. చిత్తు తయారై, ప్రాంతీయ విభాగాధిపతి చూసి, సైనిక శాఖల అభ్యంతరాలు దాటి, అచ్చయి, విమానాలకో బెలూన్లకో చేరేది. అచ్చయిన కరపత్రం మీద దేశాన్ని సూచించే అక్షరం, వరుస సంఖ్య ఉంటాయి. చిత్తుప్రతి ఫైలులో అదే సంఖ్య కనబడితే చాలు, సేకరణల్లో మిగిలిన కరపత్రాన్ని ఆ మనిషి చేతికి ముడిపెట్టొచ్చు. అలా కొన్నిటిని ముడిపెట్టగలిగాం.

1943 నుంచి వారపు ఆదేశాల ముసాయిదా. ఇందులోనే ఆయన విలువ కనబడుతుంది. జర్మనీ యుద్ధం ఓడిపోతోందని జర్మన్ శ్రోతకు చెప్పాలి, అబద్ధం చెప్పకూడదు, ఎందుకంటే రేపు పట్టుబడితే ఎల్లుండి ఎవరూ వినరు. తన నోట్లలో పదే పదే 'ఇది ధ్రువపడిందా?' అని అడిగేవారు. న్యూస్ డెస్కు నేర్పిన ప్రశ్నను ఆయన ప్రభుత్వంలోనూ వదల్లేదు. చివరి ఏడాది, శాఖ పని బ్రిటన్‌లోని జర్మన్ యుద్ధఖైదీల పునర్విద్య వైపు మళ్లినప్పుడు, ఆయనా అటు వెళ్లారు. ఆ దశ కాగితాలు ఎఫ్ఓ 939లో ఉన్నాయి.

గూఢచారా అన్న ప్రశ్నకు కుటుంబానికి ఇచ్చిన జవాబు: కాదు. రహస్య శాఖలో బహిరంగ ప్రచారం రాసిన సంపాదకుడు. డెల్మర్ నడిపిన, జర్మన్‌వాళ్లవే అన్నట్టు నటించిన మారువేషపు రేడియోలతో ఆయనకు సంబంధం ఉన్నట్టు చూపే కాగితం ఏదీ ఎదురుకాలేదు. ఉండొచ్చేమో అని ఊరించే వాక్యం నివేదికలో పెట్టలేదు.

రాసేటప్పుడు పాటించినవి

నివేదికలో ప్రతి వాక్యానికి మూడింట్లో ఒక గుర్తు వేశాం: కాగితం మీద ఉన్నది, కాగితాల నుంచి తర్కించినది, కుటుంబం చెప్పినది. ఎస్ఓ1లో చేరారన్నది రెండో రకం, ఎందుకంటే ఆ నెలల్లో ఆయన పేరున్న కాగితం లేదు. పత్రిక జీతం ఆగిన తేదీ, ఆ తర్వాత అదే సీటు, ఈ రెంటి మధ్య గీసిన గీత అది. శాఖ పేరు రాసేటప్పుడు అసలు పేరు ముందు, ముసుగు పేరు వెనక, రెండూ ఇచ్చాం. ఒక్కటే ఇస్తే గెజిట్ చూసినవారు నివేదిక తప్పనుకుంటారు, నివేదిక చూసినవారు గెజిట్ తప్పనుకుంటారు.

క్యూకు వెళ్లేవారికి కొన్ని మాటలు. రీడర్స్ టికెట్‌కు గుర్తింపు పత్రం, చిరునామా పత్రం వేర్వేరుగా కావాలి. ఫైళ్లు ముందే ఆర్డర్ పెట్టుకోండి. పెన్ను లోపలికి రాదు, పెన్సిల్ తీసుకెళ్లండి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోనిస్తారు. ఫైలు అట్ట మొదట తీయండి. ఏ తేదీన ఏ అధికారికి వెళ్లిందో ఆ నిచ్చెన అట్ట మీదే ఉంటుంది. నోటు కాగితాల వెనక వైపు తప్పకుండా తిప్పి చూడండి, పై అధికారి ముగింపు వాక్యం చాలాసార్లు అక్కడ పడుతుంది. ప్రతి ఫొటోలో ఫైలు నంబరు చీటీ ఉండాలి. తెరవని ఫైలు తగిలితే సమాచార స్వేచ్ఛ చట్టం కింద సమీక్ష అడగొచ్చు.

సమాచార మంత్రిత్వ శాఖ మనిషి అయితే ఆ శాఖ కాగితాలుండే ఐఎన్ఎఫ్ 1 వరుస నుంచి మొదలుపెట్టాలి. అక్కడా ఒక గొయ్యి ఉంది. 1939 అక్టోబరు నుంచి 1940 ఏప్రిల్ దాకా వార్తలు, సెన్సారు పని ఆ శాఖ నుంచి విడిపోయి వేరే బ్యూరోగా నడిచింది. ఆ ఆరు నెలల్లో మనిషి కనబడకపోతే ఉద్యోగం పోయిందని రాసేయకండి.

భారతదేశంతో ముడిపడిన వాళ్ల సంగతి మనకు మరింత దగ్గర. 'రౌండ్ టేబుల్' పత్రిక సంపాదకుడు హెచ్.వి. హాడ్సన్ యుద్ధం రాగానే సమాచార మంత్రిత్వ శాఖలో ఎంపైర్ విభాగం డైరెక్టర్ అయ్యారు, 1941లో ఢిల్లీలో రాజ్యాంగ సంస్కరణలు చూసే రిఫార్మ్స్ కమిషనర్ అయ్యారు. 1942లో ఆ సీటులోకి వి.పి. మీనన్ వచ్చారు. 1941 చివరి నుంచి సమాచార మంత్రిత్వ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న సిరిల్ రాడ్‌క్లిఫ్ 1947లో మన దేశం మీద విభజన గీత గీసినాయనే. ఇలాంటివాళ్ల కోసం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లోని ఎల్/ఐ వరుస, ఢిల్లీ జాతీయ ఆర్కైవులో రిఫార్మ్స్ ఆఫీసు ఫైళ్లు రెండూ చూడాలి. ఢిల్లీవి కొన్ని ఆ ఆర్కైవు వెబ్‌సైట్ 'అభిలేఖ్ పటల్'లో హైదరాబాదులో కూర్చునే చదువుకోవచ్చు. ఒకే ఉత్తరం పంపినచోట చిత్తుగా, చేరినచోట అసలుగా ఉంటుంది. చిత్తులో కొట్టేసిన వాక్యమే చాలాసార్లు వెతుకుతున్న జవాబు.

పట్టికలో ఒక నిలువు వరుస ఇంకా ఖాళీగా ఉంది. ఉత్తరాల మూలన గీతకు కుడి పక్కనున్న టైపిస్టుల అక్షరాలవి. విలేకరి నోట్లలో ఎక్కువ భాగం 1942 నుంచి 1944 దాకా ఒకే జత అక్షరాల చేతి మీదుగా వెళ్లాయి. ఆమె పేరు గెజిట్‌లో వెతకడానికి పతకం లేదు, పంపిణీ జాబితాలో టైపిస్టులు ఉండరు. గదుల కేటాయింపు ఫైళ్లలో గది నంబరు పక్కన పేర్లున్న కాగితాలు కొన్ని ఉన్నాయి, వాటిని సీట్ల పటంతో సరిచూసే పని నడుస్తోంది.